బియ్యం డబ్బాలో దాచిన ఫోను

2023 మార్చి మొదటి వారము. లెంట్ దినములు. శామీర్‌పేట చెరువు దాటి, రాజీవ్ రహదారి విడిచి లోపలికి తిరిగితే వచ్చే ఒక పల్లెలో గృహకూడిక ఉన్నదని పిలిస్తే మేము ఇద్దరము వెళ్ళాము. పాటలు, ప్రార్థన అయినవి. అందరికీ చాయ్ ఇచ్చిన తరువాత ఆ ఇంటి తల్లి మమ్ములను వంటింటి గుమ్మము దగ్గరకు పిలిచి మెల్లగా చెప్పినది.

“అక్కా, మా పిల్ల కోసం కొంచెం ప్రార్థన చెయ్యాలె. ఈ నెల పదిహేను నుంచి ఇంటర్ పరీక్షలు. రెండు దినాల సంది సక్కగ అన్నం తింటలేదు. ఎందుకు ఏడుస్తున్నవే అంటే, ఫోన్ల ఏదో ఆట ఉన్నదంట, ఆ ఆటల ఒక ఆడిమనిషిని తక్కువ చేసిన్రంట. గందుకు ఏడుపు. నాకు కోపమొచ్చి ఫోను గుంజుకోని బియ్యం డబ్బల పెట్టిన.”

దాచకుండా చెప్పవలెనంటే మాకు లోలోపల నవ్వు వచ్చినది. పిల్లలు, ఫోన్లు అనగానే చెప్పవలసిన మాటలు మా దగ్గర ఎప్పుడూ సిద్ధముగా ఉంటవి. కండ్లు పాడవుతవి, చదువు పోతుంది, సమయము విలువైనది. ఆ మాటలు మూటగట్టుకొని లోపలి గదిలోకి వెళ్ళాము. పిల్ల గోడకు ఆనుకొని కూర్చున్నది. ముందర పుస్తకము తెరిచి ఉన్నది గాని పేజీ తిరిగినట్టు లేదు. మేము మూట విప్పకముందే ఆమె అన్నది:

“ఆంటీ, మీరు గూడ ఆట అనే అంటరు. నాకు అది ఆట కాదు, కథ. ఆ కథల నా లెక్క ఉన్నది ఆమె ఒక్కతే.”

మా మూట అక్కడనే ఆగిపోయినది. ఆ సాయంత్రము ఆమె చెప్పగా విన్నదియు, తరువాత మేము అడిగి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాస్తున్నాము. ఇది ఒక ఇంటి సంగతే గాని ఇటువంటి ఫోను ఈనాడు ఏ పల్లెలో లేదు?

ముందుగా ఆ ఫోను ఆ ఇంటికి ఎట్లు వచ్చినదో చెప్పవలెను. 2020 మార్చిలో బడులు మూతపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి మన ప్రభుత్వము టీశాట్, దూరదర్శన్ ద్వారా పాఠములు మొదలుపెట్టినది. టీవీలో చెప్పిన పాఠమునకు అయ్యవారు వాట్సాప్‌లో ప్రశ్నలు పంపేవారు గనుక ఫోను లేని పిల్ల చదువులో వెనుకబడుతుందని భయము. ఆ ఇంటి తండ్రి తుర్కపల్లి వైపు మందుల కంపెనీలలో ఒకదాని గేటు దగ్గర కాపలా ఉంటాడు. వాయిదాల మీద ఫోను కొన్నాడు. పెద్దవాడైన కొడుకు అందులో పబ్జీ ఆడుదామనుకొనే లోపలనే, సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము ఆ ఆటతో సహా 118 యాప్‌లను నిషేధించినది. అదే నెల 28వ తేదీన షాంఘై పట్టణపు కంపెనీ ఒకటి ‘జెన్షిన్ ఇంపాక్ట్’ అను ఆటను లోకమంతటా ఒకేసారి విడుదల చేసినది. ముగ్గురు కాలేజీ స్నేహితులు 2012లో పెట్టుకొన్న కంపెనీ అది. మొదటి ఫోను ఆ ఆటను మోయలేకపోయినది. రెండేండ్ల తరువాత అన్న మేడ్చల్ దగ్గర ఇంజనీరింగులో చేరి కొంచెము మంచి ఫోను కొనుక్కొన్నాడు. అది పాతబడిన తరువాత చెల్లెలి చేతికి వచ్చినది. అందులోనూ ఫోటోలు, పాటలు అన్నీ తీసివేస్తేగాని ఆట పట్టదు. పావుగంట ఆడితే ఫోను పొయ్యిమీది గిన్నెవలె కాలుతుందని తల్లి ఫిర్యాదు. మేము ముట్టుకొని చూశాము, నిజమే.

ఆట సంగతి క్లుప్తముగా చెబుతాము. ఒక అన్న, ఒక చెల్లెలు లోకములు తిరుగు బాటసారులు. తెలియని శక్తి వారిని విడదీస్తుంది. ఆడేవారు ఆ ఇద్దరిలో ఒకరై, రెండవవారిని వెదుకుచు ఏడు దేశములు తిరగవలెను. ఏడు దేశములూ ఒక్కసారే లేవు. దాదాపు ఏడాదికొకటి చొప్పున కంపెనీ కొత్త దేశమును, దానితో కొత్త కథను కలుపుతూ వచ్చినది. పూర్వము వారపత్రికలలో సీరియల్ వచ్చునప్పుడు గురువారము కొరకు ఎదురుచూచినవారు మనలో లేరా? ఇదీ అంతే. అయితే సీరియల్ చదివేవారు కథ పక్కన కూర్చుంటారు. ఇందులో ఆడేవారు కథలోపల నడుస్తారు. తోడుగా నడిచే పాత్రలతో నెలల తరబడి తిరుగుతారు. కథ దారి తప్పినప్పుడు వీరికి కలిగే నొప్పి ఎక్కువగా ఉండుటకు అదే కారణమని మాకు తోచినది.

2022 ఆగస్టు 24న నాలుగవ దేశము తెరుచుకొన్నది. దాని పేరు సుమేరు. అవును, మన మేరువే. తెలుగు పిల్లలకు ఇక్కడనే ఆశ్చర్యము మొదలైనది. అక్కడి అడవుల పేర్లు ధర్మ, అవిద్య. ఊరి పేరు వనరణ. అందరి చెవికి తగిలించియుండే జ్ఞానయంత్రము పేరు ఆకాశ. బాలదేవతను బంధించిన స్థలము సురస్థానము. పూర్వపు దేవత పేరు రుక్ఖదేవత, అనగా పాలీ భాషలో వృక్షదేవత. ఆ దేశపు సంగీతమును ఆల్బముగా వేసినప్పుడు దానికి జ్ఞానవిద్యల అడవి అని అర్థము వచ్చే పేరు పెట్టినారు. ఆట తెలుగులో లేదు, హిందీలోనూ లేదు, ఇంగ్లీషు అక్షరములు కూడబలుక్కొని చదువుకోవలసినదే. అయినా ఆ పిల్ల అన్న మాట ఇది: “ఇంగ్లీషుల చదువుతుంటే నడుమ నడుమ మన మాటలు తగులుతయి ఆంటీ. ఎవరో పరాయి ఊర్ల మన పేరు పెట్టి పిలిచినట్లయితది.”

కథ మాత్రము తేలికపాటిది కాదు. సుమేరు పట్టణములో పండితులదే రాజ్యము. ఎవరికి ఎంత జ్ఞానము అందవలెనో వారే నిర్ణయిస్తారు. తమకు దొరికిన దేవత చిన్నపిల్ల అని, పనికిరాదని, అయిదు వందల సంవత్సరములు ఆమెను బంధించి ఉంచుతారు. పెద్దవాళ్ళ కలలను సైతము ఆకాశ యంత్రముతో పిండుకొంటారు. అడవికి అవతల ఎడారి. నడుమ ఆకాశమంటు గోడ. ఎడారివారు చదువురానివారు, మొరటువారు, కూలికి కత్తి పట్టువారు అని పండితుల లెక్క. గోడకు ఇవతల వారికి పని దొరుకుతుంది గాని గౌరవము దొరకదు.

ఈ భాగము చెప్పునప్పుడు పిల్ల గొంతు మారినది. మేము కారణము అడగలేదు. ఆ ఇల్లు ఊరికి ఏ వైపున ఉన్నదో వచ్చేటప్పుడే చూశాము.

గోడ అవతలి నుండి వచ్చినది డేహ్యా. గోధుమవర్ణపు మనిషి, ఎడారి స్త్రీ, కూలికి కాపలా కాయుట ఆమె వృత్తి. పట్టణములో ఒక ధనవంతుని కుమార్తెకు కాపలాగా కుదురుతుంది. ఆ ధనవంతుని కుమార్తెకు ఒక రోగము. చర్మము పొలుసులుగా మారి, కాళ్ళు చేతులు మొద్దుబారి, మెల్లమెల్లగా మనిషిని తీసికొనిపోవు రోగము. దానికి ఆటలో పెట్టిన పేరు ఎలియాజర్. ఈ పేరు మన పాఠకులకు క్రొత్తది కాదు. లాజరు అన్నది దాని రూపమే. లాజరు పేరు మీదుగానే పాశ్చాత్య దేశములలో కుష్ఠరోగులకు పూర్వము పేరు వచ్చినది. ఆ రోగము పట్టిన పిల్లకు డేహ్యా జీతగత్తెగా ఉండి, స్నేహితురాలుగా మారి, కడవరకు వదలలేదు. చివరకు ఎడారివారు కొందరు, మనసున్న పండితుడొకడు, బాటసారి కలిసి బంధింపబడిన బాలదేవతను విడిపిస్తారు. ఆ గుంపులో డేహ్యా ముందున్నది. కథ ఆ ఏడాది నవంబరులో ముగిసేసరికి లోకమంతటా ఆటగాళ్ళు ఆమెను తమ ఇంటిమనిషిగా చేసికొన్నారు. శామీర్‌పేట పల్లెలో ఈ పిల్లయు అంతే.

అయితే కథలో కనబడు పాత్ర వేరు, ఆడేవారు తమ గుంపులో చేర్చుకొను పాత్ర వేరు. కొన్ని పాత్రలు కథలో కనబడిన తరువాత కొన్ని నెలలకు డ్రాలో వస్తవి. వచ్చినప్పుడు వారి బలమెంతో కంపెనీ నిర్ణయిస్తుంది. 2023 మార్చి 1న డేహ్యా వచ్చినది. మిగిలిన వారితో పోల్చితే చాలా బలహీనముగా వచ్చినది. కథలో మొనగత్తె, ఆటలో ఎందుకూ కొరగానిది. పెద్ద గొడవ అయినది. చైనా దేశపు ఆటగాళ్ళు సైతము కోపించినారు. కంపెనీ పంపే అభిప్రాయ సేకరణ పత్రములలో ఆమెను సరిచేయుమని వ్రాయవలెనని ఒకరినొకరు పురికొల్పుకొన్నారు. వెంటనే ఏ మార్పూ రాలేదు.

ఇందులో ఒక ముల్లు ఉన్నది. మేడ్చల్‌లో ఆ అమ్మాయి అన్నయు, అతని స్నేహితులు నలుగురును ఒక ఆదివారము సాయంత్రము మాకు చెప్పినారు. 2020 డిసెంబరులో జోంగ్లీ అను పాత్ర ఇట్లే బలహీనముగా వచ్చినది. అతడు చైనాను పోలిన దేశపు దేవుడు. చైనా ఆటగాళ్ళు తమను అవమానించినట్టు భావించి ఆగ్రహించినారు. రెండు నెలలు తిరిగేసరికి, 2021 ఫిబ్రవరిలో, కంపెనీ అతని బలమును పెంచినది. “ఆయనకు చేసిన్రు, ఈమెకు చెయ్యలేదు. ఎందుకు?” అని ఒక పిల్లవాడు మమ్మునే అడిగినాడు, మేమేదో ఆ కంపెనీ తరపున వచ్చినట్టు. రంగే కారణమని మేము అనలేము. వ్యాపారములో సవాలక్ష లెక్కలుంటవి. కానీ సుమేరు దేశములో మొదటి సంవత్సరము వచ్చిన డజను ముఖ్యపాత్రలలో గోధుమవర్ణము వారు ముగ్గురే. ముగ్గురూ ఎడారివారే. మన దేశమునుండి, ఈజిప్టునుండి, పారసీకమునుండి పేర్లు, వేషములు, సంగీతము ఎత్తుకొన్నవారు ముఖములు మాత్రము ఎత్తుకొనలేదు. ఆ ఫిర్యాదు సుమేరు తెరుచుకొన్న రోజులనుండియే ఉన్నది. ఉన్న ముగ్గురిలో, ఆడవారిలో మేటిగా నిలువవలసినదాన్ని అట్లు తీసికొనివచ్చేసరికి ఆ ఫిర్యాదుకు మంట అంటుకొన్నది.

ఇంతవరకు విన్న తరువాత “ఆటలో బొమ్మకు రంగేమిటి” అని కొట్టివేయుట మా వల్ల కాలేదు. ఆ ఇంట గోడకు తగిలించిన అద్దము క్రింద గూటిలో ఒక క్రీము గొట్టము చూశాము. 2020లో పేరు మార్చుకొన్న క్రీమే. పేరులో తెలుపు పోయినది గాని కొనేవారి మనసులో పోయినదా? ఆ తల్లి స్వయముగా చెప్పినది, “పిల్ల చదువుల మంచిగనే ఉంటది అక్కా, రంగే కొంచెం తక్కువ, రేపు పెండ్లికి ఎట్లనో” అని. పిల్ల వినుచుండగానే చెప్పినది. మేము ఆమెను తప్పుపట్టలేము. మా ఇటువంటి పత్రికల వెనుక పేజీలలో వచ్చే పెండ్లి ప్రకటనలు తిరగేసి చూడండి. రక్షణ పొందిన, ఉద్యోగము గల, తెల్లని వధువు కావలెనని అచ్చు వేయుచుండలేదా? ఇంట్లో అద్దము, బడిలో స్నేహితురాళ్ళు, సినిమాలో కథానాయిక, పత్రికలో ప్రకటన, అందరూ ఒకే మాట చెప్పుచుండగా ఒక్క చోట, ఎక్కడో చైనావారు చేసిన ఆటలో, తనవంటి మనిషి ఒకతె ధైర్యముగా నిలబడినది. ఆ ఒక్కతెను చేతికి వచ్చేసరికి చవకబారుగా చేసినారు. పదిహేడేండ్ల పిల్ల ఏడ్చుటలో వింత ఏమున్నది?

ఇక్కడ వరకు పిల్లల పక్షము మాట్లాడినాము. మరొక పక్షము కూడా చెప్పకపోతే తల్లిదండ్రులకు అన్యాయము చేసినవారమవుతాము.

మొదటిది డబ్బు. ఆట ఉచితము. కథ మొత్తము పైసా ఇవ్వకుండా చూడవచ్చును. కాని కోరిన పాత్ర కావలెనంటే డ్రా తీయవలెను. మన కోతపండుగ నాడు గుడి ఆవరణములో పెట్టే లక్కీ డిప్ వంటిదే. చీటీ తీస్తే ఎక్కువసార్లు సబ్బుబిళ్ళయే వస్తుంది. ఈ ఆటలో తొంభై చీటీల లోపల ఒక గొప్ప పాత్ర తప్పక రావలెనని నియమము. అయితే ఆ వచ్చినది మనము కోరిన పాత్రయే కావలెనని లేదు. ఇంచుమించు సగము అవకాశము. కాకపోతే మళ్ళీ తొంభై వరకు. చీటీలు ఆడి సంపాదించుకోవచ్చును, ఓపిక లేనివారు కొనుక్కోవచ్చును. కంపెనీ బ్రతుకుతున్నది ఆ ఓపిక లేనివారి మీదనే. అన్న తన చెల్లెలి కొరకు డేహ్యాను తేవలెనని హాస్టలు మెస్ బిల్లు కొరకు ఇంటినుండి పంపిన రెండు వేల రూపాయలు ఆ చీటీలలో పోసినాడు. డేహ్యా రాలేదు. వేరెవరో వచ్చినారు. ఆ సంగతి తల్లికి తెలిసిన నాడే ఫోను బియ్యం డబ్బాలోకి పోయినదని మాకు తరువాత తెలిసినది. పిల్ల ఏడుపులో సగము అన్న తిన్న తిట్ల కొరకు అని కూడా తెలిసినది.

ఈ చీటీల మీద పెద్ద ప్రభుత్వములే మాట్లాడవలసి వచ్చినది. 2025 జనవరిలో అమెరికా దేశపు వ్యాపార పర్యవేక్షణ సంస్థ ఈ ఆట కంపెనీ మీద మోపిన కేసులో, రెండు కోట్ల డాలర్లు చెల్లించుటకును, పదహారేండ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆ చీటీలు అమ్మకుండుటకును కంపెనీ ఒప్పుకొన్నది. మన దేశములో 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము డబ్బు కట్టి డబ్బు గెలుచుకొను ఆటలను నిషేధించినది. రమ్మీ వంటివి. మన తెలంగాణ 2017లోనే అటువంటి వాటిని ఆపినది. అయితే ఈ ఆటలో డబ్బు పోవుటయే గాని తిరిగి గెలుచుట ఉండదు. కనుక ఆ చట్టము చేయి ఇంతవరకు చాచదు. చాచవలసిన చేయి ఇంట్లోనిదే. లక్కీ డిప్ పెట్టుట తగదని మన సంఘములలో ఒకరిద్దరు ముసలి పెద్దలు ప్రతి సంవత్సరము ఆక్షేపణ చెప్పుచుందురు. వారిని చాదస్తులని నవ్వుకొన్నవారిలో మేమును ఉన్నాము. ఈ సంగతులు విన్న తరువాత అంత సులభముగా నవ్వలేము.

రెండవది నోరు. కోపమునకు కారణము న్యాయమైనదైనంత మాత్రాన కోపించినవారందరూ న్యాయముగా నడుచుకొనరు. 2021 సెప్టెంబరులో ఆటకు ఏడాది నిండినప్పుడు కంపెనీ ఇచ్చిన కానుకలు పిసినారివి అని ఆటగాళ్ళు దానికి అతి తక్కువ మార్కులు గుమ్మరించినారు. అంతటితో ఆగక, పిల్లలు పాఠములకు వాడుకొను వేరే యాప్‌లకు కూడా అదే గతి పట్టించినారు. వాటి తప్పేమి? తరువాత కంపెనీ మరికొన్ని కానుకలు ఇచ్చినది, గొడవ చల్లారినది. డేహ్యాకు జరగని న్యాయము కానుకలకు జరిగినదని మేడ్చల్ పిల్లవాడొకడు అన్నప్పుడు అందరూ కొంచెము సిగ్గుపడినారు.

మూడవది మన పాఠకులు తప్పక అడుగునది. ఆ దేవతలేమిటి, దేశమునకొక దేవుడేమిటి, విశ్వాసుల పిల్లలు అటువంటి వాటిలో తిరుగవచ్చునా? మేమును అడిగినాము. పిల్ల తడుముకొనకుండా, “అమ్మ టీవీల మాయాబజార్ వస్తే వంట గూడ మరిచి చూస్తది గద ఆంటీ, అప్పుడు విశ్వాసం పోయిందా?” అన్నది. వంటింటిలోనుండి తల్లి నవ్వు వినబడినది. మరొకటి కూడా చెప్పినది. తమకు దొరికిన దేవత నచ్చక ఆ పండితులు యంత్రముతో కొత్త దేవుణ్ణి చేయబోతారట. “సండే స్కూల్ల బంగారు దూడ కథ చెప్పిన్రు గదా, గట్లనే” అన్నది. ఆదివార బడిలో చెప్పిన కథ ఏ నేలమీద పడి ఎక్కడ మొలుస్తుందో మనకు తెలియదు. అయినను చిన్నపిల్లలకు ఆ తేడా తెలియదు, వారికి ఈ ఆట ఇవ్వరాదని మా అభిప్రాయము.

ఆ సాయంత్రము మేము తల్లితో చెప్పినది ఒక్కటే. ఫోను పరీక్షలు అయ్యేవరకు డబ్బాలోనే ఉండనియ్యండి, పిల్ల కూడా ఒప్పుకొన్నది. పరీక్షలు కాగానే ఫోను ఇచ్చే ముందు ఒక పూట కూర్చుని ఆ కథ మొత్తము పిల్ల నోటివెంట వినండి. తల్లి మమ్ములను వింతగా చూచినది. ప్రార్థన చేయుమంటే ఇదేమి పని చెప్పినారని అనుకొన్నదేమో. ప్రార్థన కూడా చేశాము.

పరీక్షలు ఏప్రిల్ మొదటి వారములో ముగిసినవి. పిల్ల పాసైనది, గొప్ప మార్కులు కావు గాని పాసైనది. తల్లి మాట నిలుపుకొన్నదని, అయితే మొత్తము కథ వినకుండా నడుమ నిద్రపోయినదని పిల్ల చెప్పినది. అన్న మెస్ బిల్లు తీర్చుటకు వేసవిలో ఒక ఫంక్షన్ హాలులో వడ్డనకు వెళ్ళినాడు.

తరువాత ఆట ముందుకు సాగినది. 2023 ఆగస్టులో జలప్రళయము రాబోవు దేశము కథ వచ్చినది. ఆ కథను చాలామంది మెచ్చుకొన్నారు. 2024 ఆగస్టు 28న నాట్లాన్ అను ఆరవ దేశము తెరుచుకొన్నది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, పసిఫిక్ ద్వీపముల ప్రజల పేర్లు, వారి దేవతల పేర్లు తీసికొని, పాత్రలలో ఎక్కువమందికి తెల్లని ముఖములు పెట్టినారని జూలైలో బొమ్మలు బయటకు వచ్చినప్పుడే లోకమంతటా ఆక్షేపణ లేచినది. ఈసారి ఆటకు ఇంగ్లీషులో గొంతు ఇచ్చిన నటులు కొందరు కూడా బహిరంగముగా తమ అసంతృప్తి చెప్పినారు. జీతము ఇచ్చే చోట మాట్లాడుట తేలిక పని కాదు. ఇంతలో ఆ పిల్ల డిగ్రీలో చేరినది. నాట్లాన్ వచ్చినప్పుడు ఏడ్చినావా అని అడిగితే, “లేదు ఆంటీ. కానీ ఒక్క చీటీ గూడ తియ్యలేదు. నా రూపాయి లేకుంటే వాళ్ళకేం కాదు గాని, నాకు మంచిగనిపించింది” అన్నది. కథ మాత్రము ఆడినదట. కథకేమి తప్పు అని ఆమె లెక్క.

ఈ మధ్య మరల ఆ ఇంటికి వెళ్ళినప్పుడు కథ వినుటకు మరొకరు చేరియున్నారు. ఆ పిల్ల నాయనమ్మ. చూపు మందగించినది గాని చెవులు గట్టివి. మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు ద్రాక్షతోటలు ఉన్న రోజులలో ఆ తోటలలో పండ్లు కోసిన మనిషి. ఇప్పుడు ఆ తోటల స్థలములో ప్లాట్ల రాళ్ళు పాతియున్నవి. ఏ తోట ఎవరిదో, ఏ బావి ఎక్కడనో ఇంకా చెప్పగలదు. మనుమరాలు ఫోను ఆమె ఎదుట పెట్టి తెలుగులో కథ చెబుతున్నది. ధనవంతుని కుమార్తె రోగము దగ్గరకు వచ్చినది. చర్మము పొలుసులు, మొద్దుబారిన చేతులు.

“డిచ్‌పల్లి దవాఖాన రోగమా?” అన్నది ముసలమ్మ.

మేడ్చల్ మీదుగా నిజామాబాదు పోవు రైలు మార్గములోనే డిచ్‌పల్లి ఉన్నది. అక్కడ డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు పెట్టిన కుష్ఠరోగుల ఆసుపత్రి మన ప్రాంతపు పాత క్రైస్తవ కుటుంబములన్నిటికీ తెలిసినదే. ముసలమ్మ చిన్నతనములో తమ వాడకట్టు మనిషి ఒకడు అక్కడకు వెళ్ళి నయమై తిరిగి వచ్చినాడట. వచ్చినా చాలా రోజులు ఎవరూ అతనికి చెంబుతో నీళ్ళు ఇవ్వలేదట. ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు. పిల్ల ఫోను ప్రక్కన పెట్టి ఆ కథ అడిగినది. అరగంట ముసలమ్మయే చెప్పినది. అతని పేరు, అతడు తిరిగి వచ్చిన నాడు బండి దిగిన చోటు, మొదట నీళ్ళు ఇచ్చిన ఇల్లు.

తరువాత మనుమరాలు తన కథకు తిరిగి వచ్చి, ధనవంతుని కుమార్తెకు నయమైనదని, బాలదేవత విడుదల పొందినదని, చెవికి తగిలించుకొను యంత్రమును ఆపివేసినారని, పండితులలో దుర్మార్గులను వెళ్ళగొట్టినారని ముగించినది. ముసలమ్మ కొంతసేపు ఊరకున్నది.

“అంత మంచిగనే ఉన్నది బిడ్డా. ఎడారోళ్ళకు అడ్డం కట్టిన గోడ ఉండె గదా, అది కూలగొట్టిన్రా లేదా?”

“లేదు నాయనమ్మా. గోడ గట్లనే ఉన్నది. నడుమ తొవ్వ ఉన్నది, వాళ్ళు వస్తరు, పోతరు.”

“తొవ్వకు తలుపు ఎవరి దిక్కు ఉన్నది?”

పిల్ల ఫోను తీసికొని చూచుటకు మొదలుపెట్టినది.